కొత్త గ్రాఫిక్స్ కార్డు వేసినా గేమ్ ల్యాగ్ అవుతోందా? ఎక్కడ ఆగుతోందో ఇలా పట్టుకోండి

చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొని సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన కార్డైనా, తిరుపతిలోనే తెలిసిన దుకాణంలో తీసుకున్నదైనా, గేమ్ నున్నగా ఆడాలనే కదా అంత డబ్బు పెట్టేది. తీరా ఆన్ చేస్తే ఎఫ్‌పీఎస్ (తెర మీదకు సెకనుకు వచ్చే బొమ్మల సంఖ్య) పాత కార్డుతో ఉన్నంతే ఉంటుంది. లేదా అంకె పెరిగినా నడుమ నడుమ బొమ్మ బిగుసుకుపోతుంది. అప్పుడు చాలామంది కార్డునే అనుమానిస్తారు, లేదంటే విండోస్ మళ్లీ వేయిస్తారు. రెండూ ఆఖరున చేయాల్సినవి.

ఎక్కువసార్లు కార్డు బాగానే ఉంటుంది. దానికి పని అందించే ప్రాసెసరో, ర్యామో, తప్పు చోట గుచ్చిన కేబులో దాన్ని ఆపుతుంది. ఆపుతున్నది ఏదో తేలకముందు ఇంకో రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. కింద చెప్పినవన్నీ అదే వరసలో చేయండి. ప్రతిచోటా ఖర్చు లేని దారి ముందు, డబ్బు పడేది తర్వాత చెప్పాం.

ఒక్క మాట. మన దగ్గర పెట్టె మొత్తాన్నీ సీపీయూ అనేస్తాం. ఇక్కడ గందరగోళం లేకుండా పెట్టెను క్యాబినెట్ అని, లోపలి చిప్పును ప్రాసెసర్ అని రాస్తున్నాం.

ముందుగా కేబులు, మానిటరు, గట్టు

క్యాబినెట్ వెనక్కి వెళ్లి మానిటర్ కేబుల్ ఎక్కడుందో చూడండి. యూఎస్‌బీ పోర్టుల పక్కన నిలువుగా ఉండే హెచ్‌డీఎంఐ మదర్‌బోర్డుది. దానికి కింద అడ్డంగా మూడు నాలుగు పోర్టులు వరసగా ఉంటాయే, అవి కార్డువి. కేబుల్ అక్కడ ఉండాలి. ఐ5-10400, రైజెన్ 5 5600జీ లాంటి వాటిలో గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది కాబట్టి కేబుల్ మదర్‌బోర్డుకు పెట్టినా బొమ్మ రావచ్చు. అందుకే ఈ తప్పు నెలల తరబడి బయటపడదు. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో ఆ గ్రాఫిక్స్ లేదు. కేబుల్ తప్పు పెడితే తెర నల్లగానే ఉంటుంది.

తర్వాత రిఫ్రెష్ రేట్, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ అంకె. కార్డు మార్చాక విండోస్ చాలాసార్లు 60 హెర్ట్జ్‌కు తిరిగిపోతుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి మీ మానిటర్‌కు ఉన్న 144 గానీ 165 గానీ ఎంచుకోండి. జాబితాలో ఆ అంకె కనబడకపోతే కేబుల్ సరిపోవడం లేదని అర్థం. 1440పీ, 144 హెర్ట్జ్ మానిటర్ పాత హెచ్‌డీఎంఐ 1.4 కేబుల్‌తో ఆ వేగం అందుకోలేదు. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడండి.

ఇక గట్టు సంగతి, అంటే ఎఫ్‌పీఎస్ ఇంతకు మించకుండా పెట్టే పరిమితి. ఎఫ్‌పీఎస్ అంకె పైకీ కిందికీ కదులుతుంటే అది నిజమైన వేగం. కదలకుండా 60 దగ్గరో 75 దగ్గరో 30 దగ్గరో నిలిచిపోతే అది కార్డు బలహీనత కాదు, ఎక్కడో పరిమితి పెట్టి ఉంది. మూడు చోట్ల వెతకండి: గేమ్ లోపల వీ-సింక్ (ఎఫ్‌పీఎస్‌ను మానిటర్ వేగానికి కట్టేసేది), ఫ్రేమ్ లిమిట్; ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్, ఏఎమ్‌డీ సాఫ్ట్‌వేర్‌లో రేడియాన్ చిల్. పరీక్ష అయ్యేదాకా అన్నీ ఆపేయండి. పరిమితి ఉండగా కొలిస్తే కార్డు ఖాళీగా ఉన్నట్టు కనిపించి, మీరు తప్పు దారి పడతారు.

ఇప్పుడు కొలవండి

ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, దాంతో పాటే వచ్చే రివాట్యూనర్ వేసుకోండి. ఏ కంపెనీ కార్డుకైనా పనిచేస్తుంది, డబ్బులు అక్కర్లేదు. తెర మీద ఇవి కనబడేలా పెట్టండి: జీపీయూ యూసేజ్ (గ్రాఫిక్స్ కార్డు చిప్పు ఎంత శాతం పనిచేస్తోందో), జీపీయూ టెంపరేచర్, జీపీయూ మెమరీ, ప్రాసెసర్ ఒక్కో కోర్ యూసేజ్, ర్యామ్ ఎంత నిండింది, ఫ్రేమ్ రేట్, ఫ్రేమ్ టైమ్ (ఒక్కో బొమ్మకు పట్టే సమయం) గీత. అంత వద్దనుకుంటే ఎన్విడియా యాప్‌లో ఆల్ట్, ఆర్ కలిపి నొక్కినా, ఏఎమ్‌డీలో కంట్రోల్, షిఫ్ట్, ఓ కలిపి నొక్కినా చిన్న పట్టిక వస్తుంది.

మీకు ఇబ్బంది పెట్టే గేమ్‌లో, ఇబ్బంది పెట్టే చోటే, పది నిమిషాలు ఆడండి. మెనూలో నిలబడి చూసిన అంకెలు పనికిరావు. ఆడుతూ జీపీయూ యూసేజ్ మీద కన్నేయండి. దారి చీలేది అక్కడే.

జీపీయూ యూసేజ్ 95 నుంచి 99 మధ్య నిలకడగా ఉంటే కార్డు తన శక్తి మేరకు పనిచేస్తోంది. అయినా ఎఫ్‌పీఎస్ తక్కువంటే సెట్టింగ్స్ ఎక్కువయ్యాయి, లేదా కార్డు వేడికి తగ్గుతోంది, లేదా అది మీరనుకున్న కార్డు కాదు. యూసేజ్ 50, 60, 70 దగ్గర ఊగుతుంటే కార్డుకు పని అందడం లేదు. ప్రాసెసర్, ర్యామ్ వైపు చూడాలి. ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఈ రెండోదే.

నిర్ధారించుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. గేమ్ రిజల్యూషన్‌ను 1080పీ నుంచి 720పీకి దించి, సెట్టింగ్స్ అన్నీ తక్కువకు దించి, అదే చోట మళ్లీ ఆడండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే ఆపుతున్నది కార్డు. దాదాపు అంతే ఉంటే ఆపుతున్నది ప్రాసెసరో ర్యామో. మొత్తం ప్రాసెసర్ వాడకం 45 శాతమే కదా అని కొట్టేయకండి. ఆరు కోర్లలో ఒక్కటే 100కు తగులుకుని మిగతావి ఖాళీగా ఉన్నా గేమ్ ఆగిపోతుంది. ఒక్కో కోర్ విడిగా చూడమన్నది అందుకే.

యూసేజ్ తక్కువుంటే: ర్యామ్

ప్రాసెసర్ మార్చాలని అనుకునే ముందు ర్యామ్ చూడండి. ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితం వచ్చేది ఇక్కడే.

సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి మెమరీ ట్యాబ్‌కు వెళ్లండి. అందులో డ్రామ్ ఫ్రీక్వెన్సీ అని ఒక అంకె ఉంటుంది. దాన్ని రెండుతో హెచ్చవేయండి. 3200 అని కొన్న స్టిక్‌కు అక్కడ 1600 దగ్గర కనబడాలి. 1066 గానీ 1200 గానీ ఉంటే మీ ర్యామ్ 2133లోనో 2400లోనో నడుస్తోంది. మదర్‌బోర్డు కొత్తదైనా, బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు సెట్టింగ్స్) రీసెట్ అయినా ఇలాగే జరుగుతుంది. బ్యాటరీ తీసి పెట్టినప్పుడో, బయోస్ అప్‌డేట్ చేసినప్పుడో ఆ సెట్టింగ్ పోతుంది. ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కి బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయండి. ఏఎమ్‌డీ బోర్డులో దాన్నే డీఓసీపీ అనో, డీడీఆర్5 అయితే ఎక్స్‌పో అనో రాస్తారు. హెచ్410 బోర్డు మీద ఐ5-10400 ఉంటే 2666 దాటదు, అది దాని హద్దు. తప్పేమీ కాదు.

తర్వాత ఛానెల్. ఒకే 16 జీబీ స్టిక్ ఉంటే ర్యామ్ ఒకే దారిలో నడుస్తుంది. రెండు 8 జీబీలు ఉంటే రెండు దారుల్లో నడుస్తుంది, ప్రాసెసర్‌కు సమాచారం రెండింతలు అందుతుంది. సగటు ఎఫ్‌పీఎస్ కన్నా ఆ నడుమ నడుమ వచ్చే బిగుసుకోవడంలో తేడా ఎక్కువ తెలుస్తుంది. రెండు స్టిక్కులు ఉన్నా పక్కపక్కన గుచ్చితే చాలా బోర్డుల్లో లాభం లేదు. నాలుగు స్లాట్లు ఉన్న బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో దాంట్లో, నాలుగో దాంట్లో పెట్టండి. బోర్డు మీద చిన్న అక్షరాల్లో ఏ2, బీ2 అని ఉంటుంది.

పెట్టేటప్పుడు ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లో కరెంటు అందించే డబ్బా) వెనక స్విచ్చు ఆపి, ప్లగ్గు తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, లోపల మిగిలిన కరెంటు పోనివ్వండి. స్టిక్ మీది గాడి, స్లాట్‌లోని మిట్ట ఎదురెదురుగా వచ్చాయో లేదో చూసి రెండు చివర్లా బొటనవేళ్లతో నిమ్మళంగా నొక్కండి. రెండు వైపులా క్లిప్పు టక్కుమని దానంతట అది మూసుకోవాలి. ఒక వైపు మూసుకుని ఇంకో వైపు తెరిచే ఉంటే స్టిక్ సగమే దిగింది.

5600జీ లాంటి ప్రాసెసర్ మొదట కొని, డబ్బులు సమకూరాక కార్డు వేసుకున్నవాళ్లు ఇంకొకటి చూడాలి. కార్డు లేనప్పుడు గ్రాఫిక్స్ కోసం బయోస్‌లో యూఎంఏ ఫ్రేమ్ బఫర్ అని 2 జీబీ పక్కన పెట్టి ఉంటారు. కార్డు వేసినా అది అలాగే ఉండిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ అని 2 జీబీ చూపిస్తే, బయోస్‌లో దాన్ని ఆటో చేయండి. 8 జీబీ ర్యామ్ ఉన్న సిస్టమ్‌లో ఆ రెండు జీబీలే ప్రాణం. అసలు 8 జీబీతో ఇప్పటి పెద్ద గేమ్‌లు ఆడితే ర్యామ్ నిండి హార్డ్ డిస్కు మీదకు పోతుంది, కార్డు ఏదైనా సరే. ఇక్కడ ఇంకో 8 జీబీ స్టిక్ కొనడం డబ్బు దండగ కాదు.

ప్రాసెసర్ చాలకపోతే

ర్యామ్ అంతా సరిగ్గా ఉండి కూడా జీపీయూ యూసేజ్ 60 దాటకపోతే ప్రాసెసరే హద్దు. ఏ గేమ్ ఆడుతున్నారన్నది కూడా చూసుకోండి. వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 లాంటివి తక్కువ సెట్టింగ్స్‌లో ఎక్కువగా ప్రాసెసర్ మీద నడుస్తాయి. జీటీఎక్స్ 1650 తీసి ఆర్‌టీఎక్స్ 4060 వేసినా, పాత నాలుగు కోర్ల ప్రాసెసర్‌తో వాటిలో తేడా పెద్దగా కనిపించకపోవచ్చు. ఫ్రీ ఫైర్ లాంటి ఫోన్ గేమ్‌లను ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో ఫోన్ యాప్‌లు నడిపే సాఫ్ట్‌వేర్‌లో) ఆడేవాళ్లకూ ఇదే మాట. అక్కడ కార్డు కన్నా బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేయడం ముఖ్యం. ఏఎమ్‌డీలో దాని పేరు ఎస్‌వీఎమ్, ఇంటెల్‌లో వీటీ-ఎక్స్. ఎమ్యులేటర్ సెట్టింగ్స్‌లో హై ఫ్రేమ్ రేట్ ఆన్ చేయకపోతే 60 దగ్గరే ఆగుతుంది.

ప్రాసెసర్ హద్దు అని తేలాక గ్రాఫిక్స్ అన్నీ తగ్గించడం వృథా. కార్డు ఖాళీగా ఉంది కదా, దానికి పని పెంచండి. టెక్స్‌చర్లు, యాంటీ-అలియాసింగ్, రిజల్యూషన్ పెంచినా ఎఫ్‌పీఎస్ తగ్గదు. బొమ్మ మాత్రం బాగుపడుతుంది. ప్రాసెసర్‌ను తినేవి వేరు: జనసమ్మర్దం, చూపు దూరం, నీడలు, రే ట్రేసింగ్ (వెలుగు కిరణాలను లెక్కగట్టి చూపడం). వాటిని తగ్గించండి. సైబర్‌పంక్ 2077లో క్రౌడ్ డెన్సిటీ ఒక్కటి తక్కువకు దించితే వీధుల్లో తేడా వెంటనే తెలుస్తుంది.

మార్చుకోవాల్సి వస్తే ముందు మీ బోర్డు ఏం పడుతుందో చూడండి. బీ450 లాంటి ఏఎమ్4 బోర్డు మీద రైజెన్ 5 2600 ఉంటే, బోర్డు మార్చకుండా బయోస్ అప్‌డేట్‌తో రైజెన్ 5 5600 వేసుకోవచ్చు. చాలామందికి ఇదే చవకైన దారి. హెచ్310 బోర్డు అయితే 8, 9వ తరం ఇంటెల్ దాటదు. బయోస్ అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోతే బోర్డే పోవచ్చు. ఎండాకాలం మధ్యాహ్నం, గాలివాన సాయంత్రం ఆ పని పెట్టుకోకండి, యూపీఎస్ మీద చేయండి.

యూసేజ్ 99 ఉన్నా అంకె తక్కువుంటే

కొన్నది మీరనుకున్న కార్డేనా? కార్డు వివరాలు చూపే ఉచిత సాఫ్ట్‌వేర్ జీపీయూ-జెడ్ తెరవండి. ఒకే పేరు మీద రెండు రకాల కార్డులు వస్తాయి. ఆర్‌టీఎక్స్ 3050లో 8 జీబీదానికి 2560 షేడర్లు (చిప్పులో లెక్కలు చేసే చిన్న భాగాలు), 6 జీబీదానికి 2304. ఆర్‌ఎక్స్ 580 అసలుది 2304, కానీ 2048ఎస్‌పీ అని ఇంకో రకం అమ్ముతారు, దానికి 2048 మాత్రమే. షేడర్ల గడిలో అంకె చూస్తే తేలిపోతుంది. సెకండ్ హ్యాండ్ కార్డుల్లో పాత చిప్పుకు కొత్త పేరు రాసి అమ్మేవీ ఉంటాయి. అలాంటి ఎన్విడియా కార్డుల్లో జీపీయూ-జెడ్ గుర్తుపట్టినవాటికి పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది. చెన్నైలో గానీ బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో గానీ వాడిన కార్డు కొనేటప్పుడు, కౌంటర్ దగ్గరే సిస్టమ్‌కు పెట్టించి ఈ కిటికీ చూపించమని అడగండి. తిరుపతికి వచ్చాక అడిగితే ఆలస్యమవుతుంది.

కార్డు అసలుదే అయితే వీర్యామ్, అంటే కార్డు సొంత మెమరీ, చూడండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, జీపీయూ దగ్గర డెడికేటెడ్ మెమరీ 8కి 7.8 నిండి, షేర్డ్ మెమరీ ఎక్కుతూ పోతుంటే కార్డు సొంత మెమరీ చాలక ర్యామ్‌ను వాడుకుంటోంది. అప్పుడు బొమ్మ అర సెకను, సెకను ఆగి ఆగి కదులుతుంది. టెక్స్‌చర్లను ఒక్క మెట్టు దించండి. అల్ట్రా నుంచి హై చాలు, కంటికి తేడా దాదాపు తెలియదు. రే ట్రేసింగ్ ఆపండి. తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ ఉంటే క్వాలిటీలో పెట్టుకోండి.

ఏ స్లాట్‌లో ఉంది, ఎంత దారి దొరికింది

క్యాబినెట్ తెరవకుండానే ఇది జీపీయూ-జెడ్‌లో తెలుస్తుంది. బస్ ఇంటర్‌ఫేస్ (కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య సమాచారం నడిచే దారి) అనే గడిలో ఎట్ గుర్తుకు ముందు కార్డు ఎంత అందుకోగలదో, ఆ గుర్తు తర్వాత ఇప్పుడు ఎంత అందుకుంటోందో ఉంటుంది. పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి రెండర్ టెస్ట్ నడపండి. లేకపోతే కార్డు విశ్రాంతిలో ఉండి 1.1 అని చూపిస్తుంది, అది చూసి కంగారు పడతారు.

టెస్ట్ నడుస్తుండగా ఎక్స్4 (నాలుగు దారులు) అని కనబడితే, కార్డు కింది స్లాట్‌లో ఉండవచ్చు. క్యాబినెట్‌లో జాగా చాలక కింద పెట్టడం, పైది విరిగిందని కింద పెట్టడం జరుగుతుంటుంది. ప్రాసెసర్‌కు దగ్గరగా ఉన్న పై పొడవాటి స్లాట్టే కార్డుది. చాలా బీ450 బోర్డుల్లో కింది పొడవాటి స్లాట్ పీసీఐఈ (ఆ దారి పేరు, పక్కన దాని తరం అంకె) 2.0 ఎక్స్4 మాత్రమే, సెకనుకు దాదాపు 2 జీబీ. పైది పీసీఐఈ 3.0 ఎక్స్16, దాదాపు 16 జీబీ. ఈ తేడా చాలు గేమ్ కుంటడానికి.

ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌ఎక్స్ 7600 లకు పుట్టుకతోనే ఎనిమిది దారులే. వాటికి ఎక్స్8 కనబడితే మంచిదే. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి నాలుగే. దాన్ని పీసీఐఈ 3.0 బోర్డు మీద పెడితే దారి ఇరుకై బాగా నష్టపోతుంది. 5600జీని బీ550 బోర్డు మీద పెట్టినా 3.0 దాటదు. పాత రైజెన్ 3 3200జీ, రైజెన్ 5 3400జీలు కార్డుకు ఎనిమిది దారులే ఇస్తాయి. ఇవన్నీ లోపాలు కావు, కొనేముందు తెలియాల్సినవి.

ఇంటెల్ ఆర్క్ కార్డు, ఉదాహరణకు బీ580, తీసుకున్నవాళ్లకు రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకునే వీలు) తప్పనిసరి. అది లేకుండా ఆ కార్డు చాలా చతికిలబడుతుంది. బయోస్‌లో సీఎస్‌ఎమ్ (పాత పద్ధతిలో బూట్ చేసే సెట్టింగ్) ఆపాలి, ఎబవ్ 4జీ డీకోడింగ్, రీ-సైజ్ బార్ రెండూ ఆన్ చేయాలి. ఒక్క జాగ్రత్త: విండోస్ ఉన్న డిస్కు పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే సీఎస్‌ఎమ్ ఆపగానే సిస్టమ్ బూట్ కాదు. ముందుగా డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిస్కు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, వాల్యూమ్స్‌లో పార్టిషన్ స్టైల్ జీపీటీ అని ఉందో లేదో చూడండి. ఎంబీఆర్ అయితే ఫొటోలు, ఫైళ్లు బయటకు కాపీ చేసుకుని విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీతో మార్చాక సీఎస్‌ఎమ్ ఆపండి. తెలియకుండా ఆపేసి బూట్ కాకపోయినా భయపడకండి. మళ్లీ ఆన్ చేస్తే మామూలుగా వస్తుంది.

పాత డ్రైవర్ తుడిచేయడం

ఏఎమ్‌డీ తీసి ఎన్విడియా వేసినా, తిప్పి చేసినా, పాత డ్రైవర్ ముక్కలు మిగిలి తగాదా పెట్టవచ్చు. పూర్తిగా తుడవడానికి డీడీయూ (డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి. కొత్త డ్రైవర్‌ను ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, ఆపైన వైఫై ఆపేయండి. లేకపోతే మీరు తుడిచి కొత్తది వేసేలోపే విండోస్ అప్‌డేట్ ఏదో ఒక డ్రైవర్ తెచ్చి వేసేస్తుంది. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, తర్వాత 4 నొక్కితే సేఫ్ మోడ్. బిట్‌లాకర్ (విండోస్ డిస్కు తాళం) ఉంటే రికవరీ కీ అడగవచ్చు, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ముందే ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. డీడీయూలో పాత కార్డు కంపెనీ ఎంచి క్లీన్ అండ్ రీస్టార్ట్ నొక్కండి. మామూలుగా తెరుచుకున్నాక కొత్తది ఇన్‌స్టాల్ చేసి, అప్పుడు నెట్ పెట్టుకోండి.

ఇది అయిన మొదటి రోజు ఏ గేమైనా కాస్త తడబడుతుంది. గేమ్ బొమ్మ గీయడానికి వాడే చిన్న ప్రోగ్రాములను కూడా షేడర్లనే అంటారు; పాతవి పోయి కొత్తవి తయారవుతుంటాయి. గేమ్ మొదట తెరిచినప్పుడు షేడర్లు కంపైల్ అవుతున్నాయని చూపిస్తే మధ్యలో ఆపకండి. అరగంట ఆడాక కొలవండి.

కరెంటు, ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్

నిజం చెప్పాలంటే ఎస్‌ఎంపీఎస్ చాలకపోతే ఎక్కువగా సిస్టమ్ ఆరిపోతుంది, రీస్టార్ట్ అవుతుంది. ఎఫ్‌పీఎస్ తగ్గడం అరుదు. కానీ ప్రమాదం ఉన్నది ఇక్కడే కాబట్టి నిదానంగా చూడండి.

క్యాబినెట్‌తో పాటు వచ్చిన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పక్కన స్టిక్కర్ ఉంటుంది. పెద్ద అంకెను వదిలేసి +12 వోల్టుల గడి చూడండి. అక్కడ 16 ఆంపియర్లు అని ఉంటే, 12ను 16తో హెచ్చవేస్తే 192 వాట్లు. కార్డుకూ ప్రాసెసర్‌కూ అందేది దాదాపు అంతే. ఆర్‌టీఎక్స్ 4060 ఒక్కటే 115 వాట్లు, ఆర్‌ఎక్స్ 7600 అయితే 165, ఆర్‌టీఎక్స్ 3060 అయితే 170. ప్రాసెసర్ బూస్ట్‌లో వంద దాటవచ్చు. లెక్క మీరే వేసుకోండి. ఇలాంటి కార్డులకు బ్రాంజ్ రేటింగ్ ఉన్న 550 వాట్లు సరిపోతుంది.

స్లాట్ నుంచి 75 వాట్లు, 6 పిన్ కేబుల్ నుంచి 75, 8 పిన్ నుంచి 150 వస్తాయి. 8 పిన్ కేబుల్లో ప్రాసెసర్‌ది, కార్డుది వేరు. ప్రాసెసర్‌ది 4, 4గా విడిపోతుంది. కార్డుది 6, 2గా విడిపోతుంది. ఒకదాని చోట ఇంకొకటి బలవంతంగా దూర్చకండి. కేబుల్ గుచ్చేటప్పుడు పక్కనున్న చిన్న కొక్కెం కార్డు పోర్టు పెదవి మీద ఎక్కి టక్కుమనాలి. తర్వాత కేబుల్‌ను మెల్లగా లాగి చూడండి, రాకూడదు. 16 పిన్నుల (12 పెద్దవి, 4 చిన్నవి) కొత్త రకం కనెక్టరైతే అంచు మొత్తం లోపలికి దిగిందో లేదో వెలుతురు పెట్టి చూడండి, సగం దిగితే వేడెక్కి కాలవచ్చు. పాత హార్డ్ డిస్కు ప్లగ్గు నుంచి 8 పిన్ చేసే అడాప్టర్లు వాడకండి. ఒక కంపెనీ ఎస్‌ఎంపీఎస్ మాడ్యులర్ కేబుళ్లు ఇంకో కంపెనీదానికి పెట్టకండి, ప్లగ్గు ఒకేలా ఉన్నా లోపల వరస వేరు.

ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ దాదాపు 360 వాట్లే మోస్తుంది. పాత కార్డుతో బాగున్నది కొత్తదానితో గేమ్ నడుస్తుండగా కీచుమంటే, అది ఓవర్‌లోడ్. కరెంటు పోయినప్పుడు నిలబడదు. 1000 వీఏ చూసుకోండి, వీలైతే ప్రింటర్ లాంటివి ఆ ప్లగ్గు మీద ఉంచకండి.

వేడి

తిరుపతిలో, చిత్తూరులో ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటుతుంది. గదిలో ఎంత పెరిగితే లోపలి చిప్పు కూడా దాదాపు అంతే పెరుగుతుంది. జనవరిలో 72 దగ్గర నడిచిన కార్డు మేలో 82కు రావడం వింత కాదు. ఎన్విడియా కార్డులు మోడల్‌ను బట్టి 83, 90 డిగ్రీల మధ్య వేగం తగ్గించుకుంటాయి. ఏఎమ్‌డీలో హాట్‌స్పాట్ (చిప్పులో అన్నిటికన్నా వేడి చోటు) 110 వరకు తట్టుకుంటుంది. ఎన్విడియా కార్డైతే జీపీయూ-జెడ్ సెన్సర్ల ట్యాబ్‌లో పర్ఫ్‌క్యాప్ రీజన్ అనే గీత చూడండి. థర్మ్ అని వస్తే వేడి, పీడబ్ల్యూఆర్ అని వస్తే పవర్ పరిమితి. రెండోది మామూలే, కంగారు వద్దు.

ప్రాసెసర్‌ను మర్చిపోకండి. దాంతో వచ్చిన కూలర్, చిప్పుకూ కూలర్‌కూ మధ్య పూసిన ఏళ్లనాటి ఎండిన పేస్టు, కొత్త కార్డు విడిచే వేడి గాలి, అన్నీ కలిసి అది 95కు చేరి వేగం దించుకుంటుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి వేగం తగ్గడం) ఎదురుగా యెస్ అని ఎర్రగా వస్తుంది. అప్పుడు జీపీయూ యూసేజ్ కూడా పడిపోతుంది కాబట్టి ప్రాసెసర్ పాతదైపోయిందని పొరబడతారు. పేస్టు మార్చి మళ్లీ కొలవండి.

మొదట క్యాబినెట్ పక్కనున్న గాజు పలక తీసి ఆడి చూడండి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు దిగితే గాలి చాలడం లేదు. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి ఉండాలి. కంప్యూటర్ టేబుల్ కింది గడిలో తలుపు వేసి పెట్టిన క్యాబినెట్‌కు ఏ ఫ్యాన్లు పెట్టినా లాభం లేదు, బయటికి తీయండి. రోడ్డు పక్క ఇళ్లలో ముందు జాలీ రెండు నెలలకే మూసుకుపోతుంది. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. అది పిచ్చిగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

విండోస్‌లో కాసిన్ని

సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లో మీ గేమ్‌కు హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి. పవర్ ప్లాన్ బ్యాలెన్స్‌డ్ ఉన్నా సరే, పవర్ సేవర్ మాత్రం వద్దు. గేమ్ బార్ రికార్డింగ్ ఆపండి. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటిగ్రిటీ గేమ్ వేగాన్ని కొంత తింటుంది. గేమ్ కోసం దాన్ని తాత్కాలికంగా ఆపుకోవచ్చని మైక్రోసాఫ్టే 2022లో రాసింది. కానీ అది భద్రత కోసం ఉన్నది. ఏవేవో చోట్ల నుంచి సాఫ్ట్‌వేర్లు దించుకునే సిస్టమ్ అయితే ఆపకండి. గేమ్ హార్డ్ డిస్కులో ఉంటే ఎస్‌ఎస్‌డీకి మార్చండి. సగటు అంకె పెరగదు, కొత్త చోటికి వెళ్లినప్పుడు వచ్చే ఆగడం పోతుంది.

కార్డును వాపసు ఇవ్వాలా?

ఇవన్నీ అయ్యాక స్టీమ్‌లో ఉచితంగా దొరికే 3డీమార్క్ డెమోతో టైమ్ స్పై అనే వేగ పరీక్ష నడపండి. అది గ్రాఫిక్స్ స్కోరు, సీపీయూ స్కోరు వేరు వేరుగా ఇస్తుంది. మీ కార్డు మోడల్‌కు ఇతరులకు వచ్చే గ్రాఫిక్స్ స్కోరుతో పోల్చండి. నాలుగైదు శాతం తేడా మామూలే. గ్రాఫిక్స్ స్కోరు బాగుండి గేమ్ బాగాలేకపోతే కార్డు తప్పు లేదు, ప్రాసెసర్, ర్యామ్ దగ్గరకు తిరిగి వెళ్లండి.

స్కోరే 15, 20 శాతం తక్కువొస్తే, వీలుంటే స్నేహితుడి సిస్టమ్‌లో కార్డు పెట్టి చూడండి. అక్కడా అంతే వస్తే లోపం కార్డుదే. స్కోరు, జీపీయూ-జెడ్ మొదటి పేజీ, సెన్సర్ల పేజీ, మూడు స్క్రీన్‌షాట్లు తీసుకోండి. బిల్లు, పెట్టె, కార్డు వెనక సీరియల్ నంబర్ స్టిక్కర్ చెక్కుచెదరకుండా ఉంచండి. ఆ స్టిక్కర్ చిరిగితే వారంటీ దగ్గర ఇబ్బంది. చెన్నైలో కొన్నదైతే బయలుదేరే ముందు దుకాణానికి ఫోన్ చేసి, కార్డు వాళ్లే తీసుకుంటారా, కంపెనీ సర్వీస్ సెంటర్‌కు మీరే ఇవ్వాలా అడగండి. కార్డును యాంటీ-స్టాటిక్ కవరులో పెట్టి దాని పెట్టెలోనే తీసుకెళ్లండి. కార్డు తీసేటప్పుడు స్లాట్ చివరి కొక్కెం నొక్కి పట్టుకోవడం మరిచిపోకండి, అది విరిగితే బోర్డుకూ ఖర్చే.